పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: దీవిలో లెక్కకు రాని పిల్లవాడు

విలియం గోల్డింగ్ నవల 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్'ను గత సంచికలో పరిచయం చేసిన తరువాత గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఒకే సంగతిని అడిగినవాటిని కలిపి, పొగడ్తలను పక్కన పెట్టి, మిగిలిన వాటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాము. నవల చదవనివారి కోసం కథ క్లుప్తంగా ఇది. యుద్ధకాలంలో ఇంగ్లండు పిల్లలను తీసుకువెళ్తున్న విమానం ఒక నిర్జన దీవిలో కూలుతుంది. పెద్దవారెవరూ మిగలరు. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వరకు వయసున్న మగపిల్లలు మాత్రం బతుకుతారు. రాల్ఫ్ అనే పిల్లవాడు శంఖం ఊది అందరినీ ఒకచోట చేర్చి నాయకుడుగా ఎన్నికవుతాడు. శంఖం చేతిలో ఉన్నవాడే మాట్లాడాలని, ఓడలకు కనబడేలా కొండమీద మంట ఆరకుండా చూడాలని నియమాలు పెట్టుకుంటారు. చర్చి గాయకబృందం పిల్లలకు పెద్ద అయిన జాక్ వేట మోజులో పడి వేరు కుంపటి పెడతాడు. దీవిలో ఏదో మృగం తిరుగుతున్నదన్న భయం అందరినీ పట్టుకుంటుంది. ఆ భయంలో సైమన్ అనే పిల్లవాడు, ఆ తరువాత రాల్ఫ్ పక్షాన ఉన్న కళ్ళద్దాల పిల్లవాడు పిగ్గీ హతులవుతారు. చివరికి రాల్ఫ్‌ను వేటాడడానికి అడవికి పెట్టిన నిప్పు పొగను చూసి ఒక యుద్ధనౌక దీవికి వస్తుంది.

ప్రశ్న: నేను బి.ఎ. ఇంగ్లీషు చదువుతున్నాను. నాగరికత అనే పైపూత తొలగితే లోపలి మనిషి మృగమేనని, నవల సారాంశం అంతేనని మాకు నోట్సులో రాయించారు. పరీక్షకు అది సరిపోతుందేమో కాని నవల చదివాక నాకు తృప్తి కలగలేదు. ఆ పిల్లల సమాజం పతనం కావడం నిజంగా ఎక్కడ మొదలయిందని మీరు అనుకుంటున్నారు? – ఒక విద్యార్థిని, బరంపురం

జవాబు: మీ అసంతృప్తి సరైనదే. నోట్సులోని ఆ వాక్యాన్ని గోల్డింగే కొంతవరకు ప్రోత్సహించాడు. తేనెటీగ తేనెను తయారు చేసినట్టే మనిషి చెడును తయారు చేస్తాడని, యుద్ధ సంవత్సరాలలో బతికి కూడా అది గ్రహించనివాడు గుడ్డివాడో మతి చెడినవాడో అయి ఉండాలని ఆయన తరువాత ఒక వ్యాసంలో రాశాడు. అయితే రచయిత తన నవల గురించి చెప్పిన మాటకంటే నవల ఎక్కువ జాగ్రత్తగా ఉన్న సందర్భాలు సాహిత్యంలో ఉన్నాయి. ఇది వాటిలో ఒకటని నా అభిప్రాయం.

రెండవ అధ్యాయాన్ని మళ్ళీ తీసి చదవండి. అప్పటికి జాక్ ముఖానికి రంగు పూసుకోలేదు, ఒక్క పందిని కూడా చంపలేదు. సభ పద్ధతిగా జరుగుతున్నది. ముఖాన నేరేడుపండు రంగు మచ్చ ఉన్న ఆరేళ్ళ పిల్లవాడిని మిగతా చిన్నపిల్లలు ముందుకు తోస్తారు. వాడు సిగ్గుతో మెలికలు తిరుగుతుంటే పిగ్గీ పక్కన మోకాళ్ళమీద కూర్చుని, వాడు గొణిగినదాన్ని అందరికీ వినిపిస్తాడు. రాత్రి అడవిలో పాములాంటిదేదో కనిపించిందని వాడు చెబుతున్నాడు. దీవిలో భయానికి తొలిసారి గొంతు ఇచ్చినవాడు ఆ పిల్లవాడే. అటువంటిదేమీ లేదని పెద్దపిల్లలు కొట్టిపారేస్తారు. అంతలో కొండమీద మంట వేద్దామని రాల్ఫ్ అనగానే సభ మొత్తం పరుగు తీస్తుంది. మంట చేయి దాటి అడవిలో ఒక భాగం తగలబడుతుంది. అప్పుడు పిగ్గీ, ముఖాన మచ్చ ఉన్న ఆ చిన్నవాడు ఎక్కడ, నాకు కనబడడం లేదు అని అడుగుతాడు. ఎవరూ పలకరు. రాల్ఫ్ సిగ్గుపడుతున్నట్టు ఏదో అనబోయి సగంలో ఆపేస్తాడు.

ఆ దీవిలో మొదటి మరణం అదే. అందులో క్రూరత్వం లేదు, వేట లేదు, మృగమూ లేదు. ఉత్సాహం ఉంది, మంచి ఉద్దేశం కూడా ఉంది. లేనిదల్లా ఎంతమంది ఉన్నారో, ఎవరెవరున్నారో రాసిపెట్టుకున్న పట్టిక. మొదటి రోజే పేర్లు అడిగి రాయాలని పట్టుపట్టినవాడు పిగ్గీ ఒక్కడే. ఆ పని ఎందుకు చేయలేదని నిలదీసినప్పుడు, పిల్లలు రెండు నిమిషాలు మించి ఒకచోట నిలవకపోతే ఒంటరిగా ఎలా చేసేదని అతడు మొత్తుకుంటాడు. గోల్డింగ్ చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేశాడు. హాజరు పట్టీ విలువ తెలిసిన మనిషి రాసిన దృశ్యం ఇది.

ఇప్పుడు చివరి అధ్యాయానికి రండి. నౌకాదళ అధికారి రాల్ఫ్‌ను చూసి, ఎవరూ చనిపోలేదు కదా, శవాలేమైనా ఉన్నాయా అని అడుగుతాడు. ఇద్దరే, వాళ్ళూ పోయారు అంటాడు రాల్ఫ్. సైమన్, పిగ్గీ అతనికి గుర్తున్నారు. మచ్చ ఉన్న పిల్లవాడు లెక్కలోకి రాలేదు. దీవిలో అందరికంటే మంచి నాయకుడి నోటినుంచి, రక్షణ చేతికి అందిన క్షణంలో, ఆ తప్పు లెక్క వెలువడుతుంది. మీరంతా ఎంతమంది అని అధికారి అడిగితే అతడు తల అడ్డంగా ఊపుతాడు. ఎంతమందో కూడా తెలియదా, బ్రిటిష్ పిల్లలు ఇంతకంటే మెరుగ్గా ఉంటారనుకున్నానే అని అధికారి ఆశ్చర్యపోయేది సరిగ్గా అక్కడే. దానికి కొంచెం ముందే పెర్సివల్ అనే చిన్నవాడు తన పేరు చెప్పబోతాడు. మొదట్లో వాడు తన పేరు, ఇంటి చిరునామా మంత్రంలా ఒప్పజెప్పేవాడు. ఇప్పుడు "నేను, నేను" అన్న తరువాత వాడికి ఏమీ గుర్తురాదు.

అందువల్ల మృగం బయటపడింది అనే మాటకంటే, మనుషులను పేరుపేరునా లెక్కలో ఉంచుకునే పని ఎవరికీ పట్టకపోవడం ఈ నవలలో పతనానికి ఆరంభమని నేను చదువుకుంటాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి సరిహద్దు గీత పడినప్పటినుంచి, జనాభా లెక్కల కాగితంలో మాతృభాష గడిని కంట్లో వత్తులు వేసుకుని చూస్తున్న మన ప్రాంతపు తెలుగువారికి, లెక్కలో ఉండడం అంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు. పరీక్షలో మాత్రం నోట్సులో ఉన్నదే ముందు రాసి, ఆ తరువాత ఇది రాయండి.

ప్రశ్న: పిగ్గీ కళ్ళద్దాలతో సూర్యకిరణాలను ఒకచోటికి చేర్చి మంట వేసినట్టు రాశారు. పిగ్గీకి ఉన్నది హ్రస్వదృష్టి అని నవలలోనే ఉంది. దానికి వాడేది పుటాకార కటకం. దానితో దూది కూడా అంటుకోదు. ఇంత పేరున్న పుస్తకంలో ఈ పొరపాటు ఎలా నిలిచింది? – విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మీరు చెప్పింది అక్షరాలా నిజం. పుటాకార కటకం కిరణాలను చెదరగొడుతుంది కాని ఒకచోట చేర్చదు. గోల్డింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో మొదట ప్రకృతిశాస్త్రాలే చదివి తరువాత సాహిత్యానికి మారిన మనిషి కాబట్టి ఈ పొరపాటు మరింత విచిత్రం. కథకు మాత్రం రెండూ కావాలి. అద్దాలు లేకపోతే పిగ్గీ ఏమీ చూడలేని నిస్సహాయుడు కావాలి, అవే అద్దాలు దీవిలో నిప్పుకు ఏకైక ఆధారం కావాలి. చత్వారపు అద్దాలయితే నిప్పు పుట్టేది, కాని పన్నెండేళ్ళ లోపు పిల్లవాడికి చత్వారం కుదరదు. దీర్ఘదృష్టి అని రాసి ఉంటే సరిపోయేది.

ప్రశ్న: నేను ఏజెన్సీ బడిలో పనిచేస్తున్నాను. మా విద్యార్థులలో ఎక్కువమంది సవరలు, కోందులు. నవలలో ముఖాలకు రంగులు పూసుకుని, ఈటెలు పట్టుకుని, మంట చుట్టూ నాట్యం చేయడాన్ని పతనానికి గుర్తుగా చూపించారు. రెండవ సగంలో జాక్ గుంపును రచయిత మాటిమాటికీ ఆటవికులు అనే అంటాడు. ఈ పుస్తకం గురించి మా పిల్లలకు చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు. నా సంకోచం సబబేనా? – ఒక ఉపాధ్యాయురాలు, గుణుపురం

జవాబు: సబబే. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినది మీదే.

ముందు గోల్డింగ్ పక్షాన చెప్పవలసినది చెబుతాను. ఆయన ఎదురు నిలిచినది ఒక పాత ధోరణికి. ఆర్.ఎం. బాలంటైన్ 19వ శతాబ్దంలో రాసిన 'ది కోరల్ ఐలండ్' అనే పిల్లల నవలలో ముగ్గురు ఇంగ్లీషు కుర్రాళ్ళు దీవిలో చిక్కుకుని ఉల్లాసంగా, ధైర్యంగా, దైవభక్తితో కాలం గడుపుతారు. చెడు అన్నది పైనుంచి వచ్చే సముద్రపు దొంగలలోను, నరమాంసం తినే ద్వీపవాసులలోను ఉంటుంది. ఆ ముగ్గురిలో ఇద్దరి పేర్లు రాల్ఫ్, జాక్. గోల్డింగ్ అవే పేర్లు తీసుకుని, చెడును పైనుంచి తేకుండా ఆ కుర్రాళ్ళలోనే చూపించాడు. మనకు నియమాలు ఉండాలి, మనం ఆటవికులం కాము, ఇంగ్లీషువాళ్ళం, ఇంగ్లీషువాళ్ళు అన్నింటిలోను మేటి అని మొదటి సభలలో గొప్పగా పలికినవాడు ఎవరో గుర్తు చేసుకోండి. ఆ మాట అన్నవాడు జాక్. గాయకబృందాన్ని ఎండలో నల్లని అంగీలతో వరుసగా నడిపించుకుని వచ్చినవాడూ అతడే. అంటే దీవికి రాకముందే అతడికి బలగం ఉంది, ఆజ్ఞ ఉంది, యూనిఫాం ఉంది.

ఇంకొక సంగతి. జాక్ మొదటిసారి ఎర్రమట్టి, తెల్లమట్టి, బొగ్గు ముఖానికి పూసుకుంటున్నప్పుడు తన గుంపులోని రోజర్‌కు ఇచ్చే వివరణ ఏమిటంటే, ఇది యుద్ధంలో చేసినట్టే అని. శత్రువు గురి తప్పడానికి యుద్ధనౌకలకు గజిబిజి చారల రంగులు వేసేవారు, అతడి మనసులో ఉన్నది అది. ఆ రంగు ఏ అడవి జాతి దగ్గరా నేర్చుకున్నది కాదు, ఇంగ్లండు నౌకాదళం దగ్గర నేర్చుకున్నది. చివరలో పిల్లలను రక్షించడానికి వచ్చేది కూడా యుద్ధనౌకే.

అయినా మీ అభ్యంతరం అక్కడితో తీరిపోదు. పాత ధోరణిని తలకిందులు చేసిన గోల్డింగ్ ఆ ధోరణి వాడిన బొమ్మలను మాత్రం పారేయలేదు. చెడిపోయిన ఇంగ్లీషు పిల్లవాడు ఎలా కనబడతాడు అంటే రంగు పూసుకున్న గిరిజనుడిలా కనబడతాడు. గుంపుగా నాట్యం చేస్తే ఆలోచన పోతుంది, బట్టలు విప్పితే బాధ్యత పోతుంది అన్నట్టు కథ నడుస్తుంది. పదకొండవ అధ్యాయంలో పిగ్గీ నోట, రంగు పూసుకున్న మనుషులను కించపరిచే పోలిక ఒకటి ఉంది. తొలి ముద్రణలో అది నల్లజాతివారిని దూషించే మాట. తరువాతి ముద్రణలలో మార్చారు, మారిన మాట కూడా అమెరికా ఆదివాసులను తక్కువ చేసేదే. దీన్ని కప్పిపుచ్చి చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు.

మీ ప్రాంతంలో సవర ఇంటి గోడమీద ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండితో వేసే ఇడితాల్ చిత్రం మీరు చూసే ఉంటారు. అది పెద్దలను, దేవతలను తలచుకుని వేసేది. ఎప్పుడు వేయాలో, ఎవరి కోసం వేయాలో కట్టుబాటు ఉంటుంది. రంగు, డప్పు, నాట్యం అక్కడ సమాజాన్ని కలిపి ఉంచేవి. గోల్డింగ్ దీవిలో లేనిది సరిగ్గా అదే. ఆ పిల్లలకు చచ్చిపోయినవారిని తలచుకునే పద్ధతి ఒకటి కూడా లేదు. ఈ తేడాను మీ విద్యార్థులు మనకంటే బాగా చెప్పగలరు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి బడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. ఇంగ్లండు నుంచి వచ్చిన వెరియర్ ఎల్విన్ సవరల మతజీవనం మీద రాసిన పెద్ద గ్రంథం 1955లో, అంటే ఈ నవల వచ్చిన మరుసటి ఏడాదే వెలువడింది. ఆటవికులు అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా దగ్గర కూర్చుని వినినవారు ఆ కాలంలోనూ ఉన్నారు కనుక, కాలం అటువంటిది అని గోల్డింగ్‌ను పూర్తిగా క్షమించలేము. పుస్తకం చెప్పండి, ఈ తగాదాతో కలిపి చెప్పండి.

ప్రశ్న: నేను న్యాయవాదిని. సైమన్ హత్యలో దోషి ఎవరు? జాక్ ఒక్కడేనా? రాల్ఫ్, పిగ్గీ కూడా ఆ గుంపులో ఉన్నారు కదా! – బరంపురం

జవాబు: మీ భాషలోనే మొదలుపెడదాం. చట్టవిరుద్ధమైన సమావేశంలోని సభ్యుడు ఉమ్మడి లక్ష్యం కోసం నేరం చేస్తే ప్రతి సభ్యుడూ దోషే అని పాత శిక్షాస్మృతి 149వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 190వ సెక్షన్. ఏడేళ్ళలోపు పిల్లల చేష్ట నేరమే కాదు. ఏడు దాటి పన్నెండు లోపు ఉన్న పిల్లలకు చేసేదాని పర్యవసానం గ్రహించే పరిపక్వత లేకపోతే వారికీ మినహాయింపు ఉంది. గోల్డింగ్ రాల్ఫ్ వయసును పన్నెండేళ్ళు దాటి కొన్ని నెలలు అని రాశాడు! మన దేశంలో అయితే ఆ మినహాయింపు అతడికి వెంట్రుకవాసిలో తప్పిపోయి, వ్యవహారం బాలల న్యాయ చట్టం కిందికి వెళ్ళేది.

అయితే నవల అసలు విచారణను మరునాటి ఉదయానికి పెట్టుకుంది. ఈ పుస్తకంలో నన్ను అన్నింటికంటే కలవరపెట్టే పుటలు అవే. ముందురోజు రాత్రి ఉరుములు, మెరుపులు, వాన. భయంతో పిల్లలు వలయంగా చేరి పంది వేట పాట పాడుతూ ఎగురుతుంటారు. ఆకాశం మీద పడేలా ఉంటే రాల్ఫ్, పిగ్గీ కూడా ఆ పిచ్చిగుంపులో చోటు దొరికితే చాలనుకుని చేరతారు. మృగం అనుకుంటున్నది కొండమీద పారాచూట్‌కు చిక్కుకుని ఉన్న చచ్చిన సైనికుడు మాత్రమేనని చెప్పడానికి సైమన్ చీకటిలో పాకుతూ వస్తాడు. మృగమే వచ్చిందనుకుని అతడిని చంపేస్తారు.

తెల్లవారాక రాల్ఫ్ శంఖం పట్టుకుని కూర్చుని, అది హత్య అంటాడు. పిగ్గీ ఆ మాట ఎత్తవద్దని అరుస్తాడు. చీకటిగా ఉంది, భయపడ్డాం, అది ప్రమాదం, వాడు అలా చీకటిలోంచి పాకుతూ రావలసింది కాదు అని ఒక్కొక్క కారణమే వెతుకుతాడు. చివరికి మనం వలయానికి బయటే ఉన్నాం, ఏమీ చేయలేదు, ఏమీ చూడలేదు అనేదాకా వస్తాడు. అంతలో సామ్, ఎరిక్ అనే కవలలు వస్తారు. వాళ్ళు ముందుగానే అలసిపోయి వెళ్ళిపోయామని చెబుతారు. వాళ్ళ ఒంటిమీద గాయాలున్నాయి. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, నాట్యం మొదలయ్యేసరికి అక్కడ లేమని ఒప్పందానికి వస్తారు.

ఈ నలుగురూ దీవిలో మంచి పక్షం అని గమనించండి. తర్కానికి, శాస్త్రానికి, నియమానికి ప్రతినిధి పిగ్గీ. హతుడు పాకుతూ రావలసింది కాదు అన్న వాదన అతడి నోటినుంచే వచ్చింది. న్యాయస్థానాలలో ఇటువంటి వాదనలు మీరు వినే ఉంటారు. జాక్ వంటి వాడు ప్రతి ఊరిలోనూ ఒకడుంటాడు, వాడితోనే సమాజం కూలిపోదు. మేము బయటే నిలబడ్డాం అనేవారి సంఖ్య పెరిగినప్పుడు జాక్‌కు ఇక ఎవరి అనుమతీ అక్కరలేకుండా పోతుంది. రాల్ఫ్ నాయకత్వం ముగిసింది ఆ ఉదయమేనని, ఆ తరువాత జాక్ గుంపు పిగ్గీ కళ్ళద్దాలు దొంగిలించడం, రోజర్ అతడి మీద బండ దొర్లించడం దాని కొనసాగింపులేనని నేను అనుకుంటాను. జాక్ దోషి, రోజర్ అంతకంటే దోషి. కాని హత్య అని పేరు పెట్టగలిగిన రాల్ఫ్, ఆ పేరును చర్చ ముగిసేసరికి జారవిడిచాడు. చట్టం దానికి శిక్ష వేయదు.

ప్రశ్న: 2013 అక్టోబరు 12న దసరా పండుగ రోజుల్లో ఫైలిన్ తుఫాను మా గోపాలపురం దగ్గరే తీరం దాటింది. కరెంటు చాలా రోజులు లేదు. కాని బోరింగు దగ్గర ఎవరూ కొట్టుకోలేదు. జనరేటర్ ఉన్నవారి ఇంట్లో వీధి మొత్తం ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్నాం. గోల్డింగ్ చెప్పినట్టు మేము మృగాలం కాలేదు. ఆయనది ఉత్త నిరాశావాదం కాదా? – ఛత్రపురం పాఠకుడు. (టోంగా దేశపు పిల్లల నిజసంఘటన ఈ నవలను తప్పని తేల్చిందా అని రాయగడ నుంచి మరొక పాఠకుడు అడిగారు. రెండింటికీ ఒకేచోట జవాబు.)

జవాబు: టోంగా సంగతి ముందు. 1965లో ఆ దేశపు రాజధాని నుకుఅలోఫాలోని ఒక వసతి పాఠశాల నుంచి ఆరుగురు అబ్బాయిలు ఒక పడవ దొంగిలించి సముద్రంలోకి వెళ్ళారు. తుఫానులో చిక్కి అటా అనే నిర్జన దీవికి చేరారు. సుమారు పదిహేను నెలలు అక్కడ బతికారు. నిప్పు ఆరనివ్వలేదు, తోట వేసుకున్నారు, ఒకడి కాలు విరిగితే కట్టు కట్టి అతుక్కునేదాకా చూసుకున్నారు. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా నావికుడు వారిని కనుగొన్నాడు. అద్భుతమైన కథ. అయితే వారు ముందునుంచే స్నేహితులు, ఆరుగురే, ఒకరి పేరు ఒకరికి తెలుసు. గోల్డింగ్ పిల్లలలో చాలామంది ఒకరికొకరు అపరిచితులు, పైగా వారి తలల మీద యుద్ధం నడుస్తున్నది. ఒక నిజ సంఘటన నవలను కొట్టివేయలేదు. నవల కూడా మానవ స్వభావానికి రుజువు కాలేదు. నవలను ప్రయోగశాల నివేదికలా చదవడం ఇరుపక్షాల వారూ చేస్తున్న పొరపాటు.

ఫైలిన్ విషయంలో మీరు చెప్పినది నేను పూర్తిగా నమ్ముతాను. దాదాపు పది లక్షల మందిని ముందుగానే తరలించారు. 1999 పెనుతుఫాను సుమారు పదివేల ప్రాణాలు తీసిన రాష్ట్రంలో ఈసారి మరణాలు పదులలోనే ఆగిపోయాయి. ఏ పల్లెలో ఎవరు మిగిలారో చూసి కదిలించేవారు ఉన్నందువల్ల అది సాధ్యమయింది. మొదటి జవాబులో చెప్పిన పట్టిక ఇక్కడ ఉంది, దీవిలో లేదు.

కాని మీ ప్రశ్నలో ఒక ఊహ ఉంది. కొరత వస్తే మనిషి మృగమవుతాడని గోల్డింగ్ అన్నట్టు మీరు తీసుకున్నారు. ఆయన ఆ మాట అనలేదు. దీవిలో పండ్లకు కొదవ లేదు, మంచినీరు ఉంది, పందులు ఉన్నాయి, చలి లేదు. ఆకలి కోసం ఎవరూ ఎవరినీ చంపలేదు. చంపించినది భయం, అదీ రూపం లేని భయం. గాలి, వాన కంటికి కనబడతాయి కనుక వాటికి ఎదురుగా జనం ఒకటవుతారు. మృగం మనలోనే ఎవరి వేషంలోనో ఉందన్న భయం వస్తే కథ వేరు. మన ఒడిశాలోనే, ఫైలిన్ వచ్చిన ఆ 2013లోనే, మంత్రగత్తె అన్న ముద్ర వేసి మనుషులను హింసించి చంపడాన్ని నిరోధించే చట్టం చేయవలసి వచ్చింది. చేతబడి, చిల్లంగి అన్న అనుమానంతో పొరుగువారిని కొట్టి చంపిన వార్తలు సరిహద్దుకు ఇటూ అటూ మనం చదువుతూనే ఉన్నాం. తుఫానులో నీళ్ళు పంచుకున్న మనుషులు ఆ వార్తలలో ఉండరని చెప్పగలమా? గోల్డింగ్‌ను నిరాశావాది అనడానికి ముందు నేను ఆగేది అక్కడ.

ప్రశ్న: రచయిత జీవితం గురించి కొంచెం రాయగలరు. – చాలామంది

జవాబు: 1911 సెప్టెంబరు 19న ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో పుట్టాడు. సాలిస్‌బరీలో బడిపంతులు. రెండవ ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో చేరి, 1944 జూన్‌లో నార్మండీ తీరం మీద మిత్రసైన్యం దిగినప్పుడు రాకెట్లు ప్రయోగించే ఓడను నడిపాడు. యుద్ధం తరువాత మళ్ళీ బడికి వచ్చి పాఠాలు చెబుతూ ఈ నవల రాశాడు. చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. ఫేబర్ సంస్థలో కూడా మొదట చదివిన వ్యక్తి పనికిరాదనే రాశారు. అక్కడ కొత్తగా చేరిన చార్లెస్ మాంటీత్ అనే సంపాదకుడు దాన్ని మళ్ళీ చేతికి తీసుకుని, మొదట్లో ఉన్న అణుయుద్ధ వర్ణనను తీసివేయించి, పేరు మార్పించి, 1954 సెప్టెంబరులో అచ్చువేయించాడు. గోల్డింగ్‌కు 1983లో నోబెల్ బహుమతి వచ్చింది. 1993లో మరణించాడు.

ప్రశ్న: ఎనిమిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి ఈ పుస్తకం అడుగుతున్నది. పదమూడేళ్ళ పిల్లకు ఇవ్వవచ్చునా? అందులో ఆడపిల్లలు ఒక్కరూ లేరేమి అని కూడా అడుగుతున్నది. – ఒక తల్లి, జయపురం

జవాబు: ఇవ్వవచ్చునమ్మా. ఎనిమిదవ అధ్యాయంలో పిల్లలున్న ఆడపందిని చంపే ఘట్టం, తొమ్మిదవ అధ్యాయంలో సైమన్ మరణం చాలా కఠినంగా ఉంటాయి. ముందు మీరు ఆ రెండూ చదవండి. ఇంగ్లీషులో అడవి, సముద్రం వర్ణనలు కొరుకుడుపడవు. అవి దాటవేసినా కథ తప్పిపోదు. 1963లో పీటర్ బ్రూక్ తీసిన నలుపు తెలుపు సినిమా ఉంది, మంచిదే, కాని పుస్తకం పూర్తయ్యాకే చూడనివ్వండి.

ఆడపిల్లల సంగతి గోల్డింగ్‌నూ అడిగారు. తాను ఒకప్పుడు బాలుడు, ఒకరికి సోదరుడు, తరువాత తండ్రి, కాని ఎన్నడూ ఆడపిల్లను కాను కదా అని ఆయన జవాబు. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. సమాజానికి చిన్న నమూనా కావాలంటే మగపిల్లల గుంపే ఎక్కువ దగ్గరగా ఉంటుందని కూడా అన్నాడు. సగం మందిని వదిలేసినది సమాజానికి నమూనా ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. మీ అమ్మాయి పుస్తకం ముగించాక ఆ మాట మీద ఏమనుకుంటున్నదో రాయమనండి. వచ్చే నెల ఈ శీర్షికలోనే వేస్తాము.